నీళ్లను మనం ఏమడిగాం?



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం ఏర్పాటైందో ఆయన పేరు అచ్చులో వేయవద్దని కుటుంబసభ్యులు కోరారు. ఆయన ఉన్నప్పుడూ అంతే. నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగ జీవితమంతా గడిపి, రిపోర్టు కింద సంతకంలో తప్ప ఎక్కడా తన పేరు కనపడనివ్వలేదు. మేం ఆయన్ని అనలిస్టుగారు అనేవాళ్లం. ఇవాళా అలాగే అంటాను.

ఆయన దగ్గర పనిచేసినవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. శాంపిల్ సీసా ల్యాబుకు రాగానే మేం మూత తీయబోయేవాళ్లం. ఆయన తీయనిచ్చేవారు కాదు. ముందు చీటీ చూపించమనేవారు. ఏ ఊరు, ఏ వాడ, చేదబావా, బోరింగా, నల్లానా, ఏ పూట పట్టారు, పట్టేముందు ఎంతసేపు నీళ్లు వదిలారు, పట్టింది ఎవరు, అన్నీ చీటీ మీద ఉండాలి. అన్నిటికంటే కింద ఇంకో గడి ఉండేది: ఎందుకు పట్టారు? చాలామంది దాన్ని ఖాళీగా వదిలేసేవారు. లేకపోతే 'పరీక్ష నిమిత్తం' అని రాసేవారు. అలాంటి సీసా వస్తే అనలిస్టుగారు తెచ్చిన మనిషిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడగడం మొదలుపెట్టేవారు. మీ ఊళ్లో పిల్లల పళ్లు గార పట్టాయా? పెద్దవాళ్ల నడుములు వంగడం కష్టంగా ఉందా? మొన్న వాన పడ్డాక ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయ్యాయా? ఊరి పక్కన కొత్తగా ఏదైనా ఫ్యాక్టరీ వచ్చిందా? ఆ జవాబులను బట్టి ఏయే పరీక్షలు చేయాలో తన చేత్తో రాసేవారు.

నేనివాళ మాట్లాడదలచుకున్నది ఆ గడి గురించే. నీళ్లు తమంతట తాము ఏమీ చెప్పవు, అడిగినదానికే చెబుతాయి. ఏం అడగాలో ఎవరు నిర్ణయిస్తున్నారు, సీసా ఎక్కడ పడుతున్నారు, వచ్చిన జవాబు ఎవరి చెవిన పడుతోంది, తాగునీటి పరీక్ష మంచిచెడ్డలన్నీ ఇందులోనే ఉన్నాయని నా నమ్మకం. యంత్రాలూ రసాయనాలూ ఆ తర్వాతి మాట.

ఫ్లోరైడ్ సంగతే తీసుకుందాం. అది మన నల్లగొండ జిల్లా కథ అనుకుంటాం గానీ, దాన్ని పట్టుకున్న చోటు అమెరికా. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ పట్నంలో వైద్యం మొదలుపెట్టాడు. అక్కడే పుట్టి పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు. పెద్దయ్యాక వచ్చి స్థిరపడ్డవాళ్లకు లేవు. మచ్చలున్నవాళ్లందరూ చిన్నప్పటి నుంచి తాగినవి ఒకే నీళ్లు కాబట్టి అతనికి నీళ్ల మీద అనుమానం వచ్చింది. నీళ్లు పరీక్షకు వెళ్లాయి. తేడా ఏమీ లేదని జవాబు వచ్చింది. మళ్లీ వెళ్లాయి. మళ్లీ అదే జవాబు. ఇలా ముప్పై ఏళ్లు గడిచాయి.

1931లో ముడి విడింది. ఆర్కాన్సా రాష్ట్రంలో బాక్సైట్ అనే ఊరు, ఆల్కోవా అల్యూమినియం కంపెనీ కట్టుకున్న ఊరు. అక్కడి పిల్లలకూ అవే మచ్చలు. కంపెనీ ముఖ్య రసాయనవేత్త హెచ్.వి. చర్చిల్‌కు ఆ సంగతి తెలిసింది. అల్యూమినియం ఒంటికి చేటన్న ప్రచారం ఆ రోజుల్లో జోరుగా ఉండేది. ఈ మచ్చల నిందా తమ లోహం మీదే పడుతుందని ఆయన భయం. అందుకని మామూలు పరీక్షలతో సరిపెట్టుకోకుండా, నీళ్లలో ఏ మూలకం ఉన్నా బయటపెట్టే స్పెక్ట్రోగ్రాఫ్ పరీక్ష చేయించాడు. ఎవరూ ఊహించని ఫ్లోరిన్ కనిపించింది, లీటరుకు 13.7 మిల్లీగ్రాములు. చర్చిల్ నమ్మలేదు. ఇంకో శాంపిల్ తెప్పించి మళ్లీ చేయించాడు. అదే లెక్క.

ముప్పై ఏళ్లపాటు పరీక్షించిన వాళ్లెవరూ చేతకానివాళ్లు కారు. ఆనాటి నీటి పరీక్ష జాబితాలో ఫ్లోరిన్ అనే గడి లేదు, అంతే. లేని గడి నిండదు.

ఆ తర్వాత ఆరేళ్లకు మన తెలుగు నేల మీద, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా మెట్ట ఊళ్లలో అదే బయటపడింది. ఆ మెట్టలో చాలా భాగం 1970లో ప్రకాశం జిల్లాలో కలిసింది, దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం. మొదట గమనించింది వైద్యులు కాదు, రైతులు. 1930ల మొదట్లోనే ఎడ్లు కీళ్లు బిగుసుకుపోయి అడుగు తీసి అడుగు వేయలేకపోవడం చూశారు. మనుషుల్లో ఆ రోగాన్ని, అంటే ఫ్లోరోసిస్‌ను, గుర్తించి 1937లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాసినవారు ముగ్గురు: హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. తర్వాతి కాలంలో షార్ట్, మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను కనిపెట్టిన ఇద్దరిలో ఒకడయ్యాడు. పండిట్ మన వైద్య పరిశోధన మండలికి, అంటే ఐసీఎంఆర్‌కు, తొలి డైరెక్టరయ్యారు. రాఘవాచారి నీటి పరీక్షల మనిషి. అనలిస్టుగారికి ఆయనంటే ప్రత్యేకమైన గౌరవం. వైద్యం తెలిసినవాడూ నీళ్లు తెలిసినవాడూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఏం జరుగుతుందో చూడండయ్యా, అనేవారు. ఇప్పటికీ మన జిల్లాల్లో రోగుల లెక్క ఒక శాఖ దగ్గర, నీళ్ల లెక్క ఇంకో శాఖ దగ్గర ఉంటాయి. రెండు రిజిస్టర్లు ఒకచోట తెరిచి పెట్టుకునే రోజు ఎప్పుడో గానీ రాదు.

నైజాం ఇలాకాలోని మనుషుల్లో ఈ రోగం గురించి 1945లో అదే గెజిట్‌లో వ్యాసం వచ్చింది. నల్లగొండ పేరు ప్రపంచానికి తెలిసింది మాత్రం 1955లో. ఆ ఏడాది డాక్టర్ ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి, తల తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సివచ్చే మనుషుల సంగతి అది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్‌లో ఇంకో రూపం చూపించారు. కుర్రాళ్లకు మోకాళ్లు లోపలికి ఒరిగి, కాళ్లు వంకర తిరిగిపోవడం. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ కాళ్లు చూడనివారు ఈ సభలో ఉండరు.

నీళ్లలోకి ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుందో ఒక్క మాట చెప్పాలి. మన కాళ్ల కింద ఉన్నది గ్రానైటు, నైస్ రాయి. అందులో నల్లగా మెరిసే అభ్రకం జాతి ఖనిజాల్లో, అపటైట్‌లో, ఫ్లోర్‌స్పార్‌లో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి నిలిస్తే అది కరుగుతుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, తక్కువుంటే వదిలేస్తుంది. కాబట్టి చాలా చోట్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లే నోటికి తియ్యగా ఉంటాయి. పప్పు త్వరగా ఉడుకుతుంది. సబ్బు బాగా నురగ వస్తుంది. ఊళ్లో రెండు బోరింగులుంటే ఆడవాళ్లు పప్పు ఉడికే నీళ్లకే బిందె పట్టుకెళతారు. నాలుక, పొయ్యి, సబ్బు, మనకు తరతరాలుగా ఉన్న పరీక్షలివి. ఉప్పు నీళ్ల విషయంలో నిజమే చెప్పాయి. ఫ్లోరైడ్ విషయంలో మాత్రం అమ్మలందరినీ తప్పుదారి పట్టించాయి. రంగు, రుచి, వాసన లేని కీడును పట్టుకోవాలంటే సీసా ల్యాబుకు వెళ్లాల్సిందే.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దిక్కు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ 'వేరే దిక్కు లేనప్పుడు' అన్న షరతును అందరూ మరిచిపోయి 1.5నే హద్దనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే అంకె కూడా 1.5 కదా అంటారు. ఆ సంస్థే, ఎక్కడి వాతావరణాన్ని బట్టి, ఎంత నీళ్లు తాగుతారన్నదాన్ని బట్టి అక్కడ హద్దు పెట్టుకోమని చెప్పింది. మే నెలలో చెరువు పనికి పోయే మనిషి ఎన్ని నీళ్లు తాగుతాడో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నేను చేరిన రోజుల్లో మా ల్యాబులో ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడు లేదు. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణంతో ఫ్లోరైడ్ చూసేవాళ్లం. బల్ల మీద తెల్లటి పింగాణీ పలక. దాని మీద వరసగా నెస్లర్ ట్యూబులు, సన్నగా పొడుగ్గా అడుగు చదునుగా ఉండే గాజు గొట్టాలు. మొదటి దాంట్లో ఉట్టి డిస్టిల్డ్ వాటర్. తర్వాత 0.2, 0.4, 0.6, అలా 1.4 దాకా మేం కొలిచి కలిపిన ప్రమాణ ద్రావణాలు. వాటి పక్కన ఊరి నీళ్లు. అన్నింట్లో అదే ఎర్ర ద్రావణం అదే కొలత పోసి, కలిపి, గంటసేపు కదపకుండా ఉంచాలి. ఫ్లోరైడ్ ఎంత ఉంటే ఎరుపు అంత విరిగి పసుపు వైపు తిరుగుతుంది. గంట కాగానే కిటికీ వెలుతురులో గొట్టాల పైనుంచి కిందికి చూసి, ఊరి నీళ్ల రంగు ఏ రెండింటి మధ్య పడుతుందో చెప్పాలి. ఒకరు చూసి కాగితం మీద రాసి మడిచేవారు. రెండోవారు చూసి విడిగా రాసేవారు. అప్పుడు రెండూ విప్పేవాళ్లం. తేడా వస్తే అనలిస్టుగారు మొదటి నుంచి చేయించేవారు. మర్రిగూడ వైపు నుంచి వచ్చిన కొన్ని శాంపిళ్లు ఆ వరసలో ఎక్కడా పట్టేవి కావు. డిస్టిల్డ్ వాటర్‌తో నాలుగైదు రెట్లు పల్చన చేసి మళ్లీ పెట్టాల్సివచ్చేది.

శాంపిల్ ప్లాస్టిక్ సీసాలోనే రావాలి. ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. ఎవరో ఉత్సాహవంతుడు శుభ్రంగా కడిగిన గాజు సీసాలో తెస్తే వెనక్కి పంపేవాళ్లం. పాపం ఆయనకు కోపం వచ్చేది.

ఇంకో మెలిక ఉంది, ఇది మన ఊరి పేరుతోనే ముడిపడింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఒక పద్ధతి రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. చవకైనది, తెలివైనది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అన్నదాన్ని బట్టి పటిక మోతాదు మారాలి. రోజూ కలిపే మనిషి కావాలి, బురద తీసే మనిషి కావాలి. వాళ్లు లేనిచోట ప్లాంట్లు మూతపడ్డాయి. అది అందరికీ తెలిసిన సంగతి. తక్కువమందికి తెలిసింది ఏమిటంటే, పటికలోని అల్యూమినియం నీళ్లలో మిగిలిపోతే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని, మా రంగు పరీక్షకు అందకుండా దాచేస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటుంది, పరీక్షలో తగ్గినట్టు కనిపిస్తుంది. అలాంటి నీళ్లను ముందు స్వేదనం చేసి, అంటే ఆవిరి పట్టి, ఆ తర్వాతే పరీక్షించాలి. ఎలక్ట్రోడు వచ్చాక కూడా ఆ జంటను విడదీసే ద్రావణం కలిపితేనే నిజమైన అంకె వస్తుంది. చీటీలో 'శుద్ధి చేసిన నీళ్లు' అని రాయకపోతే ల్యాబు మనిషికి ఈ సంగతి తట్టే దారి లేదు. మంచి యంత్రం ఉండి కూడా తప్పు అంకె రాస్తాడు.

పరీక్ష జరిగింది, అంకె తేలింది. తర్వాత? బోరింగుకు ఎర్ర రంగు పూసి 'తాగుటకు పనికిరాదు' అని రాసేవారు. పక్కన తాగడానికి పనికొచ్చేది ఒకటి ఉంటేనే ఆ రంగుకు అర్థం. లేనిచోట రంగు వెలిసేదాకా అవే నీళ్లు తాగారు. ఆ కడుపుమంటే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండను దేశమంతా చూసేట్టు చేసింది. జల సాధన సమితి పిలుపు మీద నామినేషన్లు వేసిన జనంతో అభ్యర్థుల సంఖ్య 480 అయింది. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది. పరీక్ష ఫలితాన్ని జనం తమ చేతుల్లోకి తీసుకుని ఢిల్లీకి వినిపించిన సందర్భం దేశ చరిత్రలో అలాంటిది ఇంకొకటి నాకు తెలియదు.

ఇవాళ కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ గొట్టాల్లో ఇంటింటికీ వస్తున్నాయి. ఇది చిన్న సంగతి కాదు, మనస్ఫూర్తిగా సంతోషించాలి. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ మాత్రం కాగితం మీద ఊరు బాగుపడినంత తేలిగ్గా బయటికి రాదు. నల్లా రాని రోజున ఏ బోరు నీళ్లు వంటింట్లోకి వస్తున్నాయో చూడాల్సిన అవసరం ఇంకా ఉంది. నల్లా వచ్చింది గనక పాత బోర్ల పరీక్షలు ఎందుకు అన్న మాట నేను ఒప్పుకోను.

అడగని ప్రశ్న ఎంతటి నష్టం తెస్తుందో బంగ్లాదేశ్ చూసింది. చెరువుల్లో, కుంటల్లో మురికినీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతుంటే, 1970ల నుంచి యునిసెఫ్ వంటి సంస్థల సాయంతో అక్కడ లక్షలాది గొట్టపు బావులు వేశారు. మంచి మనసుతోనే వేశారు. నీళ్లలో క్రిములు లేవు. ఆర్సెనిక్ ఉందా అని ఎవరూ చూడలేదు. సరిహద్దుకు ఇవతల పశ్చిమ బెంగాల్‌లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూలు చర్మవైద్యుడు డాక్టర్ కె.సి. సాహా 1983 నాటికే రోగుల అరచేతుల మీద గట్టిపడ్డ చర్మం చూసి ఆర్సెనిక్ అని పట్టుకున్నారు. మట్టీ అదే, నదులూ అవే. అయినా 1992లో బ్రిటిష్ భూవిజ్ఞాన సంస్థ బంగ్లాదేశ్ బావుల నీళ్లు పరీక్షించినప్పుడు వాళ్ల జాబితాలో ఎన్నో మూలకాలున్నాయి, ఆర్సెనిక్ లేదు. ఆ నీళ్లు తాగి రోగం పాలైన ఒకాయన ఇంగ్లండు కోర్టులో దావా వేశాడు. 2006లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం దావాను కొట్టేసింది. నీళ్లు తాగడానికి పనికొస్తాయని మేం చెప్పలేదు కదా అన్న సంస్థ వాదన నెగ్గింది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. నీటి పరీక్ష వృత్తిలో ఉన్నవాళ్లం మాత్రం ఆ తీర్పు చదివి నిశ్చింతగా ఉండకూడదు. రిపోర్టు చేతిలో పడ్డ మనిషి అందులో ఉన్న అంకెలు చూస్తాడు. లేని అంకెల సంగతి మనం చెబితేనే అతనికి తెలుస్తుంది. అందుకే ప్రతి రిపోర్టు కింద 'ఈ నీటిలో ఫలానావి పరీక్షించలేదు' అని ఒక వరస ఉండాలని నేను ఎన్నాళ్ల నుంచో అడుగుతున్నాను.

ఆ తర్వాత బంగ్లాదేశ్ చేసిన పని గొప్పది. దాదాపు 50 లక్షల గొట్టపు బావులను ఊళ్లలోనే చిన్న కిట్లతో పరీక్షించి, ఆర్సెనిక్ హద్దు దాటినవాటికి ఎరుపు, దాటనివాటికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రాని అమ్మాయికి కూడా ఏ పంపు కొట్టాలో తెలిసింది. చాలామంది పక్కింటి ఆకుపచ్చ పంపుకు మారారు.

సీసా ఎక్కడ పట్టాలి అన్న మాటకొద్దాం. క్రిముల విషయంలో ప్రాణం తీసేది ఇదే. ట్యాంకు దగ్గర నీళ్లు పట్టి పరీక్షిస్తే దాదాపు ఎప్పుడూ బాగానే ఉంటాయి, క్లోరిన్ కలిపేది అక్కడే గనక. మన పట్నాల్లో నీళ్లు రోజంతా రావు. వదిలిన గంటో రెండు గంటలో వస్తాయి, తర్వాత గొట్టం ఖాళీ. ఖాళీ గొట్టం పక్కనున్న మోరీ నీళ్లను పగుళ్లలోంచి లోపలికి లాక్కుంటుంది. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు పాతబస్తీలో కలుషితమైన నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. అలాంటి చోట సీసా పట్టాల్సింది గొట్టం చివరింట్లో. చివరి నల్లాలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని ప్రమాణం. క్లోరిన్ చూసే మాత్ర వేస్తే నీళ్లకు గులాబీ రంగు రావాలి. రంగు రాలేదంటే క్లోరిన్ దారిలోనే దేనితోనో పోరాడి ఖర్చైపోయిందని. ఆ పోరాటం దేనితో అన్నది ఆ రోజే వెతకాలి.

క్రిముల శాంపిల్ పట్టడం ఒక కళ. సీసా ముందే స్టెరిలైజ్ చేసి ఉండాలి. అందులో చిటికెడు సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేకపోతే సీసాలో క్లోరిన్ ల్యాబుకు చేరేదాకా క్రిములను చంపుతూనే ఉంటుంది, ఇంట్లో తాగే నీళ్ల లెక్క రాదు. నల్లా మూతిని తుడిచి, మంటతో కాల్చి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలి పట్టాలి. సీసా మూత కింద పెట్టకూడదు, లోపలి అంచుకు వేలు తగలకూడదు, పైన కొంచెం గాలి వదలాలి. ఐసు పెట్టెలో పెట్టి ఆ రోజే చేర్చాలి. వంద మిల్లీలీటర్ల నీళ్లలో ఒక్క ఇ.కోలి కూడా కనిపించకూడదు. ఊళ్లకు ఇంత ఏర్పాటు కష్టం గనకే గ్వాలియర్ రక్షణ పరిశోధన కేంద్రంలోని మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు 1982లో చిన్న సీసా పరీక్ష తెచ్చారు. మందు పీల్చిన కాగితం ముక్క ఉన్న సీసాలో నీళ్లు పోసి గది వేడిలో ఉంచితే, మలంతో కలుషితమైన నీళ్లు మర్నాటికల్లా నల్లబడతాయి. ఇవాళ ప్రపంచంలో ఎన్నో పేద దేశాల ఊళ్లలో అదే వాడుతున్నారు.

సీసా పట్టే తీరుతో ఫలితాన్ని ఎంత మార్చవచ్చో అమెరికాలోని ఫ్లింట్ పట్నం చూపించింది. 2014 ఏప్రిల్‌లో ఆ పట్నం నీళ్లను డెట్రాయిట్ సరఫరా నుంచి ఫ్లింట్ నదికి మార్చారు. పాత సీసపు గొట్టాలను నీళ్లు తినేయకుండా కలపాల్సిన మందు కలపలేదు. పరీక్షకు నీళ్లు పట్టేముందు రాత్రి నల్లా బాగా వదిలి కట్టేయమని ఇంటివాళ్లకు చెప్పారు. దాంతో గొట్టంలో ఊరిన సీసం ముందే కొట్టుకుపోతుంది. 2015 లెక్కల్లో 71 శాంపిళ్లలో సీసం బాగా ఎక్కువున్న రెండింటిని ఏవో కారణాలు చూపి పక్కన పెట్టారు. 69 మిగిలాయి. పట్నం హద్దులోపలే ఉందని తేలింది. ఒక తల్లి ఊరుకోలేదు. వర్జీనియా టెక్ ప్రొఫెసర్ మార్క్ ఎడ్వర్డ్స్ బృందం ఇంటింటికీ కిట్లు పంచింది. పిల్లల వైద్యురాలు డాక్టర్ మోనా హన్నా అటీషా పిల్లల రక్త పరీక్షల లెక్కలు 2015 సెప్టెంబరులో బయటపెట్టారు. అక్టోబరులో పట్నం పాత నీళ్లకు తిరిగి వెళ్లింది. ఇక్కడ కూడా చూడండి, వైద్యం తెలిసిన మనిషీ నీళ్లు తెలిసిన మనిషీ చేతులు కలిపాకే నిజం నిలబడింది.

మన ఊళ్ల సంగతికి వస్తే, ఇప్పుడు వీధివీధికీ ప్లాంటు, ఇంటింటికీ క్యాను. క్యాను నీళ్లు అమ్మేవాళ్లు పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి, 'చూడండి, అరవై' అంటారు. ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే. దాన్ని బట్టి కరిగిన లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది. ఎనిమిది వందల టీడీఎస్ ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ 4 మిల్లీగ్రాములున్నా దానికి తెలియదు. ఇ.కోలి ఉన్నా తెలియదు. క్యాను లోపలి పాచి అసలే తెలియదు. ఆ అంకె చూసి నిశ్చింతగా ఉన్న ఇళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. తక్కువ టీడీఎస్ నీళ్లు మంచి నీళ్లన్న నమ్మకం మన జనంలో నాటుకుపోయింది. దాన్ని పీకేయడం ల్యాబుల వల్ల కాదు, బడుల వల్ల అవుతుంది. ఎనిమిదో తరగతి సైన్సు పీరియడ్లో ఒక్కరోజు చాలు.

అనలిస్టుగారు పోరాడిన ఇంకో విషయం ఫలితాలు బయటపెట్టడం. ఒక ఊరి రిపోర్టు ల్యాబు నుంచి వెళ్లాక ఒక ఆఫీసు ఫైల్లో నెలల తరబడి పడుకుంది. ఆ ఆఫీసు పేరు ఎందుకులెండి. ఊళ్లో మాత్రం అవే నీళ్లు తాగుతున్నారు. ఆయన అడిగితే 'జనం భయపడతారు సార్' అన్నారట. ఆ తర్వాత నుంచి ఆయన ప్రతి రిపోర్టుకూ ఒక పోస్టుకార్డు జోడించేవారు. తెలుగులో నాలుగే వాక్యాలు. నీళ్లు ఎక్కడివి, ఏముంది, తాగవచ్చా వద్దా, వద్దంటే ఏం చేయాలి. దాన్ని నేరుగా ఊరి బడి హెడ్మాస్టరుకు పోస్టు చేసేవారు. భయపడే హక్కు కూడా జనానిదే అని ఆయన వాదన. భయమేస్తే వాళ్లే వేరే నీళ్లు వెతుక్కుంటారు, అర్జీ పెడతారు, ధర్నా చేస్తారు. తెలియకపోతే తాగుతారు.

2019లో మొదలైన జల జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు కిట్లతో నీటి పరీక్ష నేర్పించాలని పెట్టారు. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. బిందె మోసేవాళ్ల చేతిలోనే సీసా ఉండాలి. శిక్షణ రోజున ఫొటో దిగి కిట్టు బీరువాలో పెట్టేస్తే ఏ లాభమూ లేదు. కిట్టులోని మందులకు గడువు తేదీ ఉంటుంది, అది దాటితే రంగు అబద్ధం చెబుతుంది. రంగు అనుమానంగా ఉన్న ప్రతి శాంపిలూ ల్యాబుకు వెళ్లాలి, అక్కడి నుంచి జవాబు ఆ అయిదుగురికీ రావాలి. జవాబు రాని పని ఎవరైనా ఎన్నాళ్లు చేస్తారు?

ఈ సభలో సర్పంచులున్నారు, టీచర్లున్నారు, ఆశ వర్కర్లున్నారు. మిమ్మల్ని నేను కోరేది ఇంతే. మీ పంచాయతీ ఆఫీసుకు వెళ్లి మీ ఊరి నీళ్ల చివరి పరీక్ష రిపోర్టు అడగండి. తేదీ చూడండి. సీసా ఏ నల్లా దగ్గర పట్టారో చూడండి. ఏమేం పరీక్షించారో, ఏమేం వదిలేశారో చూడండి. దాన్ని బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. రిపోర్టే లేదంటే ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పట్టి, చీటీ పూర్తిగా నింపి జిల్లా ల్యాబుకు తీసుకెళ్లండి. కొద్దిపాటి ఫీజుకు జనం తెచ్చే శాంపిళ్లు కూడా అక్కడ పరీక్షిస్తారు. వానలు మొదలయ్యేలోగా ఒకసారి, వెళ్లాక ఒకసారి ఈ పని చేయండి.